మనిషికి రెండు నిమిషాలు

నైలాకి ఎనిమిదేళ్లు. మార్చిలో రాష్ట్ర పరీక్షల రెండో రోజు పొద్దున, ఇరవై మూడో లెక్క దగ్గర, ఆ పిల్ల పరీక్ష పుస్తకం మీదే వాంతి చేసుకుంది. చేసిన తప్పు ఎవరికీ కనపడకూడదన్నట్టు రెండు చేతులతో దాన్ని కప్పబోయింది.

పంతొమ్మిదేళ్లుగా మూడో తరగతిలో పంతులమ్మలకు సాయంగా పనిచేస్తున్న లవోనియా ప్రూట్ తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తింది. పంతులమ్మ మాత్రం ముందు నిబంధనల పుస్తకం తెరిచింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, బెదిరిపోయిన మనిషి. పాడైన పరీక్ష పుస్తకాన్ని పారెయ్యకూడదు. చేతులకు తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సీలు వేసి, పరీక్ష తయారుచేసిన కంపెనీకి తిప్పి పంపాలి. పిల్లకి కొత్త పుస్తకం ఇవ్వాలి. జవాబులు మళ్లీ మొదటినుంచి రాయాలి. గడియారం ఆపకూడదు. పుస్తకానికి ఇంత మర్యాద రాసిపెట్టిన మహానుభావులు, పిల్లని ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాయలేదు.

"కూర్చోబెట్టండి, మిస్ లవోనియా," అంది పంతులమ్మ గొంతు తగ్గించి. "ఇంకా నలభై నిమిషాలుంది."

"దీని ఒళ్లు కాలిపోతోందమ్మా."

"నాకు మాత్రం తెలీదా? కూర్చోబెట్టండి."

లవోనియా ఆ పిల్లని ఎత్తుకుని బయటికి నడిచింది. సిటీ బస్సు నడిపే తల్లి షెరిస్‌కి ఫోన్ చేసి, పిల్లకి జ్వరమని చెప్పింది. అంతకుమించి చెప్పలేదు.

ఏప్రిల్ చివర, ఊళ్లో బడులన్నిటి మీదా అధికారం ఉన్న స్కూలు బోర్డు ఉత్తరం బడి తలుపుకి అంటించారు. ఫౌండ్రీ స్ట్రీట్ బడిలో పిల్లలు మూడువందల పదకొండు మంది. నూటికి తొంభై ఐదు మంది పరీక్ష రాయాలి, అంటే రెండువందల తొంభై ఆరు. రాసింది రెండువందల తొంభై ఐదు. మొదలుపెట్టి మధ్యలో లేచి వెళ్లిన పిల్ల రాసినట్టు కాదు, మళ్లీ రాసే వీలూ లేదు. కాబట్టి ఈ బడిని బడులు నడిపే లాడర్ పాయింట్ అనే ప్రైవేటు చార్టర్ కంపెనీకి అప్పజెబుతారు. భవనం జనానిది, పన్నుల డబ్బు జనానిది, పెత్తనం కంపెనీది. మే పదహారున బోర్డు ప్రజల మాట వింటుంది, ఆ వెంటనే ఓటు వేస్తుంది.

లవోనియా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. తక్కువైంది ఒక్కరు. ఆ ఒక్కరినీ తనే ఎత్తుకుపోయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో అందరూ కూడారు. వేయించిన కోడి ముక్కలు పళ్లేల్లో చల్లారిపోతున్నాయి, తినే ఓపిక ఎవరికీ లేదు. ముందు రోషండా లేచింది. ఆమె ఆసుపత్రిలో పక్కలు మార్చే పనిచేస్తుంది, కొడుకు రెండో తరగతి.

"నేను దాచను. బడి లాడర్ పాయింట్ వాళ్ల చేతికెళ్తే నాకు సంతోషమే. వాళ్ల దగ్గర సంగీతం ఉంది, లాబ్ ఉంది. ఇక్కడ లైబ్రరీకి మూడేళ్లనుంచి తాళం. ఈ బడి నాకేం ఒరగబెట్టిందని దీని కోసం గొంతు చించుకోవాలి?"

"ఆ తాళం వేసిందెవరమ్మా?" అన్నాడు క్లియోటిస్ హబ్బర్డ్. ఇనుము పోతపోసే కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేసి, అక్కడ యూనియన్ నడిపిన ముసలాయన. "లైబ్రేరియన్ని పీకింది బోర్డు. తిండి పెట్టకుండా మాడ్చేదీ వాళ్లే, బక్కచిక్కావని తిట్టేదీ వాళ్లే. ఫిబ్రవరిలో లాడర్ పాయింట్ నుంచి పద్నాలుగు మంది పిల్లలు మన బడికొచ్చారు. సరిగ్గా పరీక్షకి నెల ముందు. వాళ్లంతట వాళ్లు రాలేదు. ఒకడు అల్లరివాడని, ఇంకొకడు మందమతి అని సాగనంపారు. నీ కొడుకు వాళ్లకి మార్కులు తెచ్చినన్నాళ్లే వాళ్ల పిల్లాడు. తర్వాత మళ్లీ నీ పిల్లాడే."

"సరే బాబాయ్, అది బోర్డు తప్పే. మరి ఆ ఒక్క పిల్ల సంగతేంటి? మిస్ లవోనియా ఎత్తుకుపోకుండా ఉంటే ఈ గొడవే లేదుగా."

"నా కూతురికి నూట మూడు జ్వరం," అంది షెరిస్.

"ఇంకో నలభై నిమిషాలు ఓర్చుకుంటే సరిపోయేది. నీ నలభై నిమిషాలకి మా అందరి బడి పోతోంది."

హాల్లో చాలామంది తలలు వంచుకున్నారు. వాళ్ల మనసులో ఉన్నదే రోషండా పైకి అంది. లవోనియాకి చెంప మీద కొట్టినట్టయింది. నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

అందరూ వెళ్లాక క్లియోటిస్ ఆమె పక్కన కూర్చున్నాడు. "నీ నోట్లో ఏదో నలుగుతోంది."

"నలుగుతోంది. బయటికి కక్కితే ఉద్యోగం పోతుంది. పరీక్ష గదిలో జరిగింది బయట చెప్పనని మా అందరి చేతా సంతకం పెట్టించుకున్నారు. ఇంకో ఏడాది గడిస్తే నాకు పింఛను."

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "అయితే చెప్పమని నేననను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. కానీ ఒక్కటి విను. బోర్డు ముందు మాట్లాడటానికి మనిషికి రెండే నిమిషాలు. ఎర్ర దీపం వెలిగిందా, మైకు చచ్చిందన్నమాటే. పోయినేడు నేను 'ఎందుకంటే' అనేసరికి మైకు పోయింది. ఎందుకో ఈ ఊరికి ఇప్పటిదాకా తెలీదు. ఈసారి నేను ఎక్కడ ఆగితే నా వెనకవాడు అక్కడ అందుకోవాలి. నలభై మందిమి కలిసి ఒక్క మాటే చెబుదాం."

పదహారో తేదీ మధ్యాహ్నం మూడింటికి షెరిస్ చర్చి బస్సు నడిపింది. సగం దూరం వెళ్లాక లవోనియా లేచి పైకమ్మీ పట్టుకుంది. "ఒక్కసారే చెబుతాను. బాగా వినండి," అని వాంతి, తొడుగులు, సంచి, సీలు, ఆగని గడియారం అన్నీ చెప్పింది. షెరిస్ బస్సుని పక్కకి తీసి ఆపేసి, స్టీరింగు మీద తల వాల్చింది. కన్నతల్లికి కూడా తెలియని సంగతి అది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని మళ్లీ గేరు వేసింది.

బోర్డు హాల్లో లవోనియాది మూడో పేరు. "నేను ఆ గదిలో ఉన్నాను," అనగానే బోర్డు లాయరు లేచాడు.

"మీరు సంతకం చేశారు. గది సంగతులు బయటపెడితే ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసు. చదివే సంతకం పెట్టాను."

ఆమె ఆపలేదు. "పుస్తకాన్ని సంచిలో పెట్టి సీలు వేశారు. పిల్ల ఏడుస్తోంది. గడియారం మాత్రం..." ఎర్ర దీపం వెలిగింది. మైకు పోయింది. ఆమె కదలకపోయేసరికి ఇద్దరు గార్డులు రెక్కలు పట్టి తీసుకెళ్లి, పోలీసులు వచ్చేదాకా గోడకి ఆనించి నిలబెట్టారు.

క్లియోటిస్ మైకు దగ్గరికి వచ్చాడు. "గడియారం మాత్రం ఆగలేదు," అన్నాడు. ఆయన ఆగిన చోట షెరిస్ అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు.

"ఇదే మాట ఎన్నిసార్లు చెబుతారు?" బోర్డు అధ్యక్షుడు విసుక్కున్నాడు.

"ఒక్కసారేనయ్యా," అన్నాడు క్లియోటిస్ తన కుర్చీలోంచి. "ఇంకా పూర్తికాలేదు."

పదకొండో పేరు రోషండాది. ఆమె చర్చి బస్సు ఎక్కలేదు. లాడర్ పాయింట్ పంచిన పసుపు చొక్కా వేసుకుని, వాళ్లిచ్చిన కాగితం పట్టుకుని వచ్చింది. మైకు ముందు నిలబడి ఆ కాగితం వైపు చూసి, మడిచేసింది.

"నేను వేరే మాట చెప్పడానికొచ్చాను. అది తర్వాత. నా కొడుక్కి ఉబ్బసం. పరీక్షలో వాడికి ఊపిరాడకపోతే గడియారం ఆపుతారా?"

"ఇది ప్రశ్నల సమయం కాదమ్మా. మీరు మాట్లాడాలి, మేం వింటాం."

"అయితే నా రెండు నిమిషాలూ మీ జవాబుకే ఇస్తున్నాను."

ఆమె నోరు మూసుకుని నిలబడింది. అధ్యక్షుడు కాగితాలు సర్దాడు, నీళ్లు తాగాడు, లాయరు వైపు చూశాడు. ఎర్ర దీపం వెలిగింది. వెనకున్న మనిషి వచ్చి, "ఆవిడ అడిగినదానికి జవాబు కోసమే నేనూ చూస్తున్నాను," అని చేతులు కట్టుకున్నాడు. అతని తర్వాత వచ్చినావిడ ఆ మాత్రం కూడా అనలేదు. ఊరికే నిలబడింది.

పంతొమ్మిదో మనిషి దగ్గర అధ్యక్షుడికి ఓపిక చచ్చింది. సభని గురువారానికి వాయిదా వేసి, ఓటు వెయ్యకుండానే బోర్డు వెనక తలుపులోంచి జారుకుంది. పోలీసులు సభకు ఆటంకం కలిగించిందని రాసుకుని, లవోనియా చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు.

బయట మెట్ల మీద రోషండా అడ్డం వచ్చింది. "మిస్ లవోనియా, ఆ బస్సులో నేను లేను. మొదటినుంచి నాకు చెప్పండి. గురువారం మిమ్మల్ని లోపలే ఉంచేస్తే నేను చెప్పాలి కదా."

"తప్పుకోమ్మా," అన్నాడు పోలీసు. మెట్ల నిండా జనం, కింద కాలిబాట మీద జనం, కారు చుట్టూ జనం. ఎవరూ తప్పుకోలేదు. లవోనియా గొంతు సవరించుకుంది.

"పొద్దున్నించీ నైలా తల పట్టుకునే కూర్చుంది," అని మొదలుపెట్టింది.

వినపడటం లేదని కింది మెట్ల మీద నుంచి ఎవరో కేకేశారు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఈసారి గట్టిగా.