జర్నీత్సాలో దొరికిన బంగారు పన్ను

ఇరవై ఆరేళ్ల జర్నీత్సా అంతరిక్ష కేంద్రాన్ని ఇంకా పోషించాలా, సముద్రంలో పడేయాలా అన్నది తేల్చడానికి ప్రభుత్వం వేసిన సంఘం అధ్యక్షుడు ఆర్సేనీ ల్వోవిచ్ ఆ శనివారం మాస్కో పక్కనున్న నియంత్రణ కేంద్రానికి వచ్చాడు. మొదటిరోజు నుంచీ అక్కడే పనిచేస్తున్న రయీసా తిమొఫీవ్నాకు ఒళ్లు మండిపోయింది. జర్నీత్సా మునిగితే ఆమె బతుకులో సగం మునిగినట్టే. పైగా ఈ పెద్దమనిషి ఒకప్పుడు అందులో ఆర్నెల్లు తిని పడుకున్నవాడే.

"పైనున్న ముగ్గురూ సగం రోజు అతుకులు వేస్తూనే ఉన్నారట. ఇక పరిశోధన ఎప్పుడు చేస్తారండీ?" అన్నాడు ఆమె పోసిచ్చిన టీ తాగుతూ.

"మిగతా సగం రోజు. మీ పరిశోధన గుర్తుందా? రాయిలాంటి సూష్కా బిస్కెట్టు కొరికి బంగారు పన్ను ఊడగొట్టుకున్నారు. వారం రోజులు అందరిచేతా వెతికించారు."

ఆర్సేనీ నాలుకతో ఆ ఖాళీని తడుముకున్నాడు. అది తాత ఉంగరం కరిగించి చేయించిన పన్ను. ఇంకోటి పెట్టించుకోనని భీష్మించుకుని ఇరవై ఏళ్లయింది.

అంతలో తెర మీద వ్యోమగామి మరాత్ ప్రత్యక్షమయ్యాడు. శనివారం వాళ్లకు శుభ్రం చేసుకునే రోజు. అక్కడ పోయిన వస్తువు కింద పడదు, తేలుకుంటూ వచ్చి ఎప్పటికో గాలి లాగే జల్లెడకు అంటుకుంటుంది. మరాత్ చూపించిన జల్లెడ నిండా దుమ్ము, ఆ దుమ్ములో పచ్చగా ఓ మెరుపు.

"పిన్నీ, ఇదెవరిదో చూడు. మొన్న అతుకు వేయడానికి గోడపలక విప్పాం కదా, దాని వెనక ఇరుక్కున్నట్టుంది."

ఆర్సేనీ కుర్చీలోంచి లేచిపోయాడు. కళ్లు చెమర్చాయి. "వచ్చే నెల దిగే నౌకలో తెప్పించండి."

దిగే ప్రతి గ్రాముకూ రయీసా సంతకం ఉండాలి. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని జాబితా తాపీగా తిరగేసింది.

"రక్తం, ఎముకల నమూనాలు, స్ఫటికాలు... ఖాళీ లేదు నాయనా. జరగట్లేదన్నారే, ఆ పరిశోధనతోనే నిండిపోయింది."

"మూడు గ్రాములండీ!"

"రెండేళ్లయ్యాక, వసంతంలో చోటుంది. అప్పటికి జర్నీత్సా పైనుంటే రాసుకుంటాను."

ఆర్సేనీ ఆమెవంక గుర్రుగా చూశాడు. తర్వాత ఫైలు విప్పి ఓ వాక్యం కొట్టేసి, ఇంకోటి రాశాడు.

"ఇంకో మూడేళ్లు పైనే ఉంచమని రాశాను. ఆ వసంతంలో మీరు మరచిపోతే కష్టం."

అతని కారు గేటు దాటాక తెరమీంచి మరాత్ గొంతు తగ్గించి అడిగాడు. "పిన్నీ, వచ్చే నెల నౌకలో నా పాత బూట్లకు చోటుందన్నావుగా. అవి మానేస్తే పన్ను వచ్చేస్తుంది కదా?"

"బూట్లే రానీ. నువ్వు ఊడ్చుకో," అంది రయీసా, సంతకం పెడుతూ.