సుగుణకుమారి కోసేసిన అతుకులు

శుక్రవారం పొద్దున వైర్లు అతుకుతుంటే సుగుణకుమారి చేతిలోని ఇనుప కర్రు నుంచి కరిగిన సోల్డరింగు బొట్టొకటి జారి ఆవిడ బూటు మీద పడింది. పడితే పడింది, బూటుకేం కాలేదు. కానీ అది పడటం మేనేజరు శుభాకర్ కళ్లారా చూశాడు. అసలు చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఇంగ్లండులోని లీసెస్టర్‌లో వంటింటి అల్మారాలు తయారుచేసే ఆ వర్క్‌షాపులో ఏ యంత్రం మొరాయించినా పంతొమ్మిదేళ్లుగా చూసేది ఆవిడే. కాకినాడ ఐటీఐలో, నలభైమంది మగపిల్లల మధ్య ఇద్దరే ఆడపిల్లలుంటే, ఆ ఇద్దరిలో ఒకతెగా కూర్చుని నేర్చుకున్న పని అది. ఆవిడ వైర్లు అతికితే అతుకు వెండిపూసలా నున్నగా మెరిసేది. ఆ మెరుపు చూసుకుని మురిసిపోయేది కూడా. మురవదా మరి, అంత బాగా ఇంకెవరు వేస్తారని!

ఏడాదిగా ఆ చెయ్యి వణుకుతోంది. ప్రాణానికేం ప్రమాదం లేదు, అలాగని తగ్గేదీ కాదు అని వాళ్ల పేట డాక్టరు జీపీ తేల్చేశాడు. వణికే చేత్తో సోల్డరింగు పట్టుకోవడమంటే మాటలా? మొన్నటిదాకా ఎలాగో నెట్టుకొచ్చింది.

“సోమవారం నుంచి ప్యాకింగ్‌లోకి వెళ్లిపోండి సుగుణాంటీ,” అన్నాడు శుభాకర్, పెద్ద మేలు చేస్తున్నవాడిలా. “రిపేర్లకి బయటి మనిషి బుధవారం వస్తాడు. మీకూ కాస్త రెస్టు.”

“రెస్టు కావాలని నిన్ను నేనడిగానా?”

“చేతులు అలా ఉంటే ఎలాగాంటీ? రేపు ఏదన్నా కాలితే మాటొచ్చేది నాకు.”

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. అట్టపెట్టెలకు టేపు అంటించడం తక్కువ పనేం కాదు, కానీ అది ఆవిడ పని కాదు. యంత్రాల దగ్గర్నుంచి లేపేస్తే ఇక తనకు మిగిలేదేమిటో ఆవిడకే తెలియలేదు.

ఆ రోజు ఆగిపోయింది అల్మారా తలుపులకు గుంటలు తొలిచే యంత్రం. దాని తల పైకీ కిందికీ ఊగుతూ పనిచేస్తుంది. ఆ తల ఎక్కడుందో కనిపెట్టి చెప్పడానికి ఆరు చిన్న సెన్సర్లున్నాయి. నెల తిరక్కుండా ఏదో ఒక సెన్సరు వైరు తెగడం, ఆవిడ పాత ముక్క తీసేసి కొత్తది అతకడం మామూలే. ఈమధ్య తీసేసిన ముక్కలు ఒక డబ్బాలో పడి ఉన్నాయి. సాయంత్రం ఆ డబ్బాను బ్యాగులో పెట్టుకుని ఇంటికి వెళ్లింది.

శనివారం భోజనాలయ్యాక వాటిని టేబులు మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని చూసింది. పద్నాలుగు ముక్కలు. పద్నాలుగూ ఒకే చోట తెగాయి. అతుకు మాత్రం ఏ ముక్కలోనూ చెక్కుచెదరలేదు. అతుకు అయిపోయి మామూలు వైరు మొదలయ్యే చోట, సరిగ్గా అక్కడే, రాగిపోగులు పుటుక్కున తెగి ఉన్నాయి. సోల్డరింగు పాకినంత మేర వైరు పుల్లలా బిగుసుకుపోయింది. యంత్రం తల ఊగినప్పుడల్లా ఆ పుల్ల చివర వైరు మడతపడుతోంది. రోజుకు వేలసార్లు ఒకే చోట మడత పడితే ఏ తీగ మాత్రం ఆగుతుంది?

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఇన్నేళ్లూ యంత్రాన్ని తిట్టింది, సెన్సర్లు చేసినవాణ్ణి తిట్టింది, తన అతుకు మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. తీరా చూస్తే వైర్లను తెంపుతున్నది ఆ అతుకే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సంగతి విని కూతురు జెస్లిన్ టీ కప్పు పక్కన పెట్టింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఆసుపత్రిలో నర్సు. “డోంట్ టెల్ దెమ్, మమ్. నోబడీ విల్ నో.”

“చెప్పకపోతే ఆ వచ్చేవాడూ అతుకే వేత్తాడే. మళ్లీ తెగుద్ది. నేను చేసిన తప్పు నేనే సరిచెయ్యాలి, ఇంకోడెవడో కాదు.”

ఇక సోల్డరింగు అక్కర్లేని కనెక్టర్ల కోసం వెతుకులాట మొదలుపెట్టింది. మీట ఎత్తి, వైరు దూర్చి, మీట దించితే పట్టుకునేవి కనిపించాయి. ముచ్చటగానే ఉన్నాయి కానీ రంపపు పొట్టు లోపలికి పోతుంది. మరలు బిగించేవి చూసింది. ఆ ఊపుకి నాలుగు రోజుల్లో మరలు వదులైపోతాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూడా ఫోనులో బొమ్మలు పెద్దవి చేసుకుని చూస్తూనే ఉంది. చివరికి గుండ్రటి రకం ఒకటి దొరికింది. వైరు దూర్చి నొక్కితే లోపలి స్ప్రింగు కరిచి పట్టుకుంటుంది, బయటి మూత తిప్పితే మెత్తని రబ్బరు రింగు బిగుసుకుని పొట్టును రానివ్వదు, వైరును ఒకే చోట మడతపడనివ్వదు. సెన్సరు వైరులో ఉన్న మూడు తీగలకూ చోటుంది. వీటికి బొటనవేలి బలం చాలు, చేతికి నిలకడ అక్కర్లేదు.

సోమవారం ఏడున్నరకు ఎలక్ట్రికల్ సామాను దుకాణం తెరిచేసరికే వైరు ముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడింది. దూర్చి చూసుకుని, సరిపోయాక, ఆరు జతలు తీసుకుంది.

వర్క్‌షాపులో ప్యాకింగు వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా వెళ్లి యంత్రం మెయిను స్విచ్చి ఆపి, దానికి తన తాళం వేసేసింది. రిపేరు జరుగుతుండగా ఎవరూ మెయిను వెయ్యకుండా అక్కడున్న పద్ధతి అది. తాళం వేసినవాళ్లే తియ్యాలి, మేనేజరైనా ముట్టుకోకూడదు.

శుభాకర్ పరుగున వచ్చాడు. “ఏంటాంటీ ఇది? తాళం తియ్యండి!”

“పనయ్యాక తీత్తాను.”

“మీ పని ఇది కాదని చెప్పాను కదా!”

“నాదే. ఇదిగో చూడు.” పద్నాలుగు ముక్కలూ బల్ల మీద వరసగా పెట్టింది. “అన్నీ నా అతుకులే. అన్నీ అతుకు పక్కనే తెగినయ్. సోల్డరింగు ఈ యంత్రానికి పనికిరాదు. ఆ సంగతి ఇన్నేళ్లూ నాకు తెలీలేదు, తప్పు నాది.”

శుభాకర్ ఒక ముక్క తీసుకుని చూశాడు. “అంటే ప్రతి నెలా యంత్రం ఆగింది మీ వల్లా?”

“నా వల్లే. కావాలంటే దీని తర్వాత ప్యాకింగుకు కాదు, ఇంటికే పంపు. ముందు ఇది మాత్రం పూర్తిచేత్తాను.”

కట్టర్ తీసుకుని మెరిసే అతుకులను ఒక్కొక్కటే కోసేసింది. మొదటిదాన్ని కోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, ఆరోదానికి కోపమే మిగిలింది. పనివాళ్లు చుట్టూ మూగారు. మోచేతులు బల్లకు ఆనించి, వైరు తొక్క ఒలిచి, కనెక్టరులోకి దూర్చింది. చెయ్యి వణికింది. అందరూ చూస్తున్నారు. చూడనీ, వణకనీ, అనుకుంది. ఒక తీగ రెండుసార్లు తప్పింది, మూడోసారి దూరింది. బొటనవేలితో నొక్కితే టక్కుమంది.

“లాగు,” అని వైరు శుభాకర్ చేతికిచ్చింది.

లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. అప్పుడూ రాలేదు.

పదకొండింటికి ఆరూ పూర్తయ్యాయి. తాళం తీసి మెయిను వేసింది. యంత్రం తల దిగింది, తొలిచింది, లేచింది. మధ్యాహ్నందాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

శుభాకర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “బుధవారం వచ్చే మనిషిని వద్దని చెప్పేశాను. మీరు ఇక్కడే ఉండండాంటీ. ఒక్కటే మాట. రిపేరు పుస్తకంలో అతుకుల సంగతి రాయకండి. ఓనరు చదివితే ఇన్నేళ్ల ఆగుడూ మీ నెత్తినే పడుద్ది, అప్పుడు నేను కూడా మిమ్మల్ని కాయలేను. వైరు నాసిరకం అని రాసెయ్యండి.”

మంచికే చెప్పాడు. సుగుణకుమారి పుస్తకం ముందుకు లాక్కుని రాసింది. వైర్లు తెగింది పాత అతుకుల వల్ల. అవి వేసింది సుగుణకుమారి. కోసేసి కనెక్టర్లు పెట్టింది సుగుణకుమారి. అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి.

శుభాకర్ తల పట్టుకున్నాడు. “పోనీ పేరన్నా కొట్టెయ్యండాంటీ. ఎవరు చేశారో తెలీకుండా ఉంటుంది.”

“తెలియాలనే రాశాను,” అని సుగుణకుమారి రెండు చోట్లా తన పేరు కింద గీత గీసింది.