తలుపు వెనక ఏముంది

ఇన్నేళ్లకు అక్క నోరు తెరిచి అడిగింది, అనుకుంటూ తాళాలాయన ఫోను మీదికి వంగాడు, నంబరు కొత్తదే గానీ పక్కన ఫొటో అక్కదే, ఆస్పత్రిలో ఉన్నాను, నా ఫోను పోయింది, మాట్లాడే ఓపిక లేదు, ముందు డబ్బు పంపు, ఎవరికీ చెప్పకు అని రాసుంది, అడిగింది తాళంచెవులు కోసే కొత్త మిషను కోసం దాచుకున్నదంతా, పోతే పోనీ, పాతది ఇంకో ఏడాది గరగరలాడుతూనే కోస్తుంది, అసలు ఈ యాప్ పెట్టిందీ అక్కే, కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, చిల్లర లేదని వచ్చినవాళ్లను తిప్పి పంపుతావేంట్రా మొద్దూ అంటూ, స్కాన్ చేసే కాగితం తలుపుకు అంటించి, పిన్ను ఎవరికీ చెప్పకు, నాక్కూడా చెప్పకు అని అటు తిరిగి కూర్చుంది, ఆనాటి నుంచి చిల్లర గొడవ లేదు, డబ్బు పడగానే యాప్‌వాళ్లిచ్చిన చిన్న పెట్టె అరిచి చెబుతుంది, అచ్చం అక్క అరిచినట్టే, చిన్నప్పుడు బడికి వెళ్తుంటే తమ్ముడి చెప్పు తెగిననాడు కూడా అలాగే అరిచింది, అరిచి తన చెప్పులిచ్చి వట్టికాళ్లతో నడిచింది, కాళ్లు కాలడం లేదా అంటే ఆ చెప్పులు కరుస్తున్నాయిరా అంది, అలాంటి మనిషి అడిగిందంటే ఎంత కష్టమొచ్చిందో, పిన్నులో మూడంకెలు కొట్టాడు, నాలుగోదాని మీదికి బొటనవేలు వెళ్తుండగా ఒకావిడ కొట్టు ముందుకొచ్చి, తాళంచెవి లోపలే ఉండిపోయింది, వచ్చి తలుపు తీస్తారా అంది, తలెత్తకుండానే నోటికి అలవాటైన ప్రశ్న వచ్చేసింది, తలుపు తీయగానే ఎదురుగా ఏముంటుందమ్మా, ఎవరి తాళమైనా తీసేముందు అడిగేదే, ఇంటివాళ్లు తడుముకోరు, దొంగ ముందు కోప్పడతాడు, కుట్టుమిషను, దాని మీద పిల్లి, అంది ఆవిడ, వేలు గాల్లోనే ఆగిపోయింది.

మరి అక్కను అడిగాడా, ఫోను ఏమీ అడగదు, పిన్ను కొడితే చాలు తలుపు బార్లా తీసేస్తుంది, కష్టంలో ఉన్న మనిషిని పరీక్ష పెడతావా సిగ్గులేకుండా అని తనను తాను తిట్టుకుంటూనే రాశాడు, మన పాత ఇంట్లో తలుపు వెనక ఏముండేది, వెంటనే జవాబొచ్చింది, ఇప్పుడు జోకులా బ్రదర్, త్వరగా పంపు, కోప్పడింది, అక్క మొద్దూ అంటుంది, కోతీ అంటుంది, బ్రదర్ అని ఏనాడూ అనలేదు, డబ్బు పంపకుండానే వెనక్కి నొక్కి, అక్క పాత నంబరుకే కొట్టాడు, ఒక్క రింగుకే ఎత్తింది, ఏ ఆస్పత్రిలో ఉన్నావక్కా, అన్నాడు.

ఆస్పత్రేంట్రా, బీరువాతో కుస్తీ పడుతున్నాను, అంది, అయినా వదలక అదే ప్రశ్న అడిగాడు, తలుపు వెనకా, నువ్వేరా, నన్ను భయపెట్టాలని రోజూ దాక్కునేవాడివి, నేను భయపడకపోతే ఏడ్చేవాడివని రోజూ భయపడేదాన్ని, అంది, అప్పుడు జరిగింది చెప్పి, పంపేసేవాణ్ణే అక్కా, అన్నాడు, ఎందుకురా మొద్దూ, అంది, నువ్వు అడిగావని, అన్నాడు, అక్క గొంతు తగ్గించి, అయితే ఒకటి అడగనా, బీరువా తాళం పాడై ఏడాదైంది, స్క్రూడ్రైవరుతో తీస్తున్నాను, నీకు పనెక్కువని చెప్పలేదు, అంది.

సంచిలో పనిముట్లు వేసుకున్నాడు, ముందు పిల్లి ఉన్న ఇంటికి, ఆ తర్వాత అక్క దగ్గరికి, పోయిన నెలే కదా ఆ బీరువాకు ఆనుకుని కూర్చుని టీ తాగాడు, దాని తలుపు గీరుకుపోయి ఉంటుంది, చూడనే లేదు, కనిపించిన వాళ్లందరినీ తలుపు వెనక ఏముందని అడుగుతాడు, అక్క ఎప్పుడు అడుగుతుందా అని ఇన్నేళ్లూ ఎదురుచూశాడు, అడగాల్సింది అక్క కాదు, తను.