తాళాలత్త

"లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అని ఒకరిని ఎక్స్‌రే గదికి అప్పజెప్పి ఆమె ఇంకో కాల్ ఎత్తింది. చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోను స్పాంజి ఎప్పుడో అరిగిపోయింది. దాని మీద చేతిరుమాలు చుట్టి, జారకుండా రబ్బరు బ్యాండు వేసుకుంది. ఆస్పత్రి మెట్ల కింద, కిటికీ లేని గది అది. ఫ్యాను వేస్తే చప్పుడు, ఆపితే ఉక్క. ఆ టెలిఫోను బోర్డు ముందు కూర్చునే ఆమె జుట్టు నెరిసింది, కళ్ళజోడు మందమైంది. ఆస్పత్రిలో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. మొహం తెలిసినవాళ్ళంటారా, మేట్రన్, ఇద్దరు వార్డుబాయ్‌లు, క్యాంటీన్ మనిషి. అంతే.

ఈసారి కాల్ ఇంటి నుంచి. మేనకోడలు.

"అత్తా, కరెంటు బిల్లు పాస్‌వర్డ్ చెప్పు, తొందరగా."

"ఇంటికొచ్చాక చెప్తానే."

"ఇవాళే ఆఖరి రోజత్తా!"

"ఆఖరి రోజంటే సాయంత్రం కూడా ఉంటుందిగా. డ్యూటీ అవగానే వస్తాను. అవి ఫోన్లో చెప్పే మాటలా?"

అవతల టక్కున పెట్టేసిన చప్పుడు. ఆమెకి కోపం రాలేదు సరికదా, పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. ఇంటికెళ్ళేసరికి తన కోసం ఒకరు కాచుకుని ఉంటారు. కరెంటు బిల్లు కోసమే కానీండి, కాచుకోవడం కాచుకోవడమే కదా.

ఒకప్పుడు ఆ ఇంటి పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి, బీరువా తలుపు లోపల అంటించి ఉండేవి. తమ్ముడి తెలివి అది. గోడలకి రంగులేయడానికి వచ్చినవాడు బీరువా జరుపుతూ ఆ కాగితాన్ని ఫోటో తీసుకుపోయాడు. మర్నాడు తమ్ముడి పేరు మీద బంధువులందరికీ ఆపదలో ఉన్నాను ఆదుకోండని మెయిళ్ళు వెళ్ళాయి. బంధువులు ముందు జాలిపడ్డారు, సంగతి తెలిశాక చివాట్లు పెట్టారు. తమ్ముడు తల పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇకమీదట అన్నీ నీ దగ్గరే ఉంచు. నీ బుర్రలోంచి ఎత్తుకుపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు.

పెళ్ళి కుదరక, తమ్ముడి ఇంట్లో వంటింటి పక్క గదిలో ఉంటున్న మనిషి ఆమె. గదిలో సగం బట్టలు ఉతికే మెషీన్‌ది. అలాంటి మనిషికి తమ్ముడు ఆ మాటనేసరికి గుండె ఒక్కసారి నిండిపోయింది. ఇంటి ఖాతాలన్నిటికీ ఆమె ఫోను నంబరే ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె తలలో నాలుక. మేనకోడలు తాళాలత్త అని పేరు పెడితే కోప్పడలేదు, మురిసిపోయింది.

పని కూడా అల్లాటప్పాగా చేయలేదు. కాగితం మీద పెట్టేది లేదు. ఒకదానికి వాడినది ఇంకోదానికి వాడేది లేదు. పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ అసలు కుదరవంది. ఇంటివాళ్ళకి తప్ప బయటి పురుగుకి తెలియని సంగతి ఒకటి ఏరుకుని, వాక్యం చేసి, అందులో మాటల మొదటి అక్షరాలు తీసుకుని, మధ్యలో ఒక అంకె ఇరికించేది. కరెంటు బిల్లుకి, తమ్ముడు ఏడో క్లాసు దాకా చీకట్లో ఒంటరిగా పడుకోలేదు. కాలేజీ ఫీజుకి, మేనకోడలు బళ్ళో చేరిన మొదటిరోజే టీచర్ని కొరికింది. బీమాకి, నాన్న ఇంజక్షనంటే గోడ దూకాడు. అక్షరాలు మరిచిపోవచ్చు గానీ నాన్న గోడ దూకడం ఎవరు మరిచిపోతారు?

అయితే ఒకటి చెప్పాలి. ఆమె మరీ అంత అమాయకురాలేం కాదు. పాస్‌వర్డ్ కావాలంటే పక్కన కూర్చోవాలి. కూర్చున్నాక వెంటనే చెప్పదు. "ఏం తిన్నావు? మీ కాలేజీలో ఏమిటి విశేషాలు?" అంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళు పది మాటలు మాట్లాడాక అప్పుడు నెమ్మదిగా వాక్యం చెప్పి, దాని వెనక కథ చెప్పి, ఆఖరికి అక్షరాలు చెప్తుంది. జాగ్రత్త అని పేరు పెట్టుకుంది గానీ, నిజానికి అది వసూలు. ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు ఆ ఇంట్లో లేరు మరి. వసూలు చేస్తే వచ్చే ప్రేమ ఎన్నాళ్ళుంటుందని ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

డ్యూటీ దిగే వేళకి మేట్రన్ తలుపు దగ్గర నిలబడింది.

"స్టాఫ్ క్వార్టర్స్‌లో ఒక మంచం ఖాళీ అయిందక్కా. ఎన్నిసార్లు అడిగినా రానంటావు. ఇప్పుడైనా వస్తావా? రోజూ ఆ బస్సుల్లో నలగడం ఎందుకు?"

"నేను లేకపోతే మా ఇంట్లో దీపం కూడా వెలగదమ్మా" అంది ఆమె, గొప్పగానే. కరెంటు బిల్లు సంగతి మేట్రన్‌కి తెలియదు, మామూలు మాటే అనుకుని నవ్వి వెళ్ళిపోయింది.

బస్సులో నిలబడే వచ్చింది. కాళ్ళు గుంజుతున్నాయి. గేటు తీసేసరికి మరదలు ఎదురొచ్చి సంచి అందుకుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ మరదలు ఆమె సంచి అందుకోవడం ఇదే మొదలు.

"రండి వదినా, టీ పెట్టాను."

హాల్లో తమ్ముడున్నాడు. సెలవు రోజు, బనీనులో, టీవీ కట్టేసి. మేనకోడలు లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది. మధ్యలో కుషన్ వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. అది ఆమెకేనట.

"అక్కా, ఇవాళ అన్నీ ఒకసారి చూసుకుందాం. ఒక్కోటీ చెప్పు. నీ ఫోను కూడా దగ్గర పెట్టుకో, ఓటీపీలు వస్తాయి" అన్నాడు తమ్ముడు.

ఎందుకని అడగాలని ఆమెకి తోచలేదు. ముగ్గురూ ఒక్కసారే పక్కన కూర్చుంటే ఎందుకని అడుగుతారా? చీకటి భయం కథ చెప్పింది. తమ్ముడు "అబద్ధం!" అని అరిచాడు, మేనకోడలు పడీ పడీ నవ్వింది. టీచర్ని కొరికిన కథకి మేనకోడలు మొహం దాచుకుంది. నాన్న గోడ దూకిన కథ మరదలికి తెలియనే తెలియదు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఒక్కో కథ అయ్యాక మేనకోడలు కీబోర్డు టకటక కొట్టేది. ఆమె ఫోను కిచ్‌మనేది. అందులో వచ్చిన ఓటీపీ ఆమె చదివేది. ఆ హాల్లో అంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో. టీ రెండోసారి కూడా వచ్చింది.

ఇంటి పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె అక్షరాలు మాత్రమే చెప్పి ఊరుకుంది.

"దీనికి కథ లేదా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"లేదు."

ఉంది. తమ్ముడు నన్ను ఎన్నడూ పొమ్మనడు. ఇదీ ఆ వాక్యం. పైకి అనడానికి సిగ్గేసింది. మేనకోడలు ఆ అక్షరాలు కొట్టి, ఒక మీట నొక్కి, "మారిపోయింది" అంది.

"మారిపోవడమేమిటే?"

"అన్నీ మార్చేశానత్తా. ఈ యాప్ దానంతటదే కొత్తవి తయారుచేస్తుంది, దానంతటదే గుర్తుపెట్టుకుంటుంది. మనం ఒక్క పెద్ద పాస్‌వర్డ్ గుర్తుంచుకుంటే చాలు. ఇంక నిన్ను విసిగించే పనే లేదు!"

నిజంగా మంచి చేశాననే అనుకుంది ఆ పిల్ల. దాని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"మంచిదే. ఆ పెద్దది ఏమిటో చెప్పు మరి, గుర్తుపెట్టుకుంటాను" అంది ఆమె.

మేనకోడలు తల్లి వైపు చూసింది. తల్లి తండ్రి వైపు చూసింది. తండ్రి టీవీ రిమోటు ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాడు.

"అది మేం ముగ్గురం ఉంచుకుందామనుకున్నాం వదినా" అంది మరదలు. "మీరే అంటారుగా, ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిదని. ఇంటివాళ్ళకి తప్ప తెలియకూడదని."

మరదలి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మరదలికి తెలియచ్చు. ఇన్నేళ్ళు పెదవి దాటనివ్వని మనిషికి తెలియకూడదు! ఆమె తమ్ముడి వైపు చూసింది. ఒక్క మాట, "అక్కకి చెబితే ఏమైంది?" అన్న ఒక్క మాట అంటాడేమోనని చూసింది. రిమోటు దొరికింది. టీవీ వెలిగింది.

"అవునమ్మా, నేనే అన్నాను" అని ఆమె లేచింది.

గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఒళ్ళంతా మండేటంత కోపం. వాళ్ళ మీద సగం, తన మీద సగం. ఇంతసేపూ కథలు చెప్పి నవ్వించి, తన చోటు తానే ఖాళీ చేసి ఇచ్చింది. అదీ టీ తాగుతూ. చీరలు, మందులు, కళ్ళజోడు డబ్బా, అమ్మ ఫోటో సంచిలో పెట్టింది. మేట్రన్‌కి ఫోన్ చేసి "ఆ మంచం ఇంకా ఖాళీగానే ఉందా?" అని అడిగింది. తర్వాత ఆ ఫోనే చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. ఇంటి ఓటీపీలన్నీ వచ్చేది దీనికే. పట్టుకుపోతే రేపటి నుంచి మళ్ళీ ఆస్పత్రికి ఫోన్లు చేస్తారు. అక్కా అంటారు, వదినా అంటారు, అత్తా అంటారు.

ఛీ, అనుకుంది. ఫోను మంచం మీద పెట్టేసింది.

"నైట్ డ్యూటీ పడింది, వెళ్తున్నాను" అంది హాల్లోంచి వెళుతూ.

"సరే అక్కా, గేటు వేసెళ్ళు" అన్నాడు తమ్ముడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. డ్యూటీకి అంత సంచి ఎందుకని అడిగినవాళ్ళు లేరు. ఆమె గేటు వేసి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో లాగి చూసి వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి మేనకోడలు సినిమా పెట్టబోతే ఆ సినిమాల యాప్ ఓటీపీ అడిగింది. వంటింటి పక్క గదిలోంచి కిచ్‌మని వినబడింది.

"అత్త ఫోను మర్చిపోయిందమ్మా!"

"అయ్యో! దానికేం తాళం పెట్టుకుందో. అసలే జాగ్రత్త మనిషి" అంది మరదలు.

"నా పుట్టినరోజు కొట్టి చూడు" అన్నాడు తమ్ముడు. ఏం నమ్మకమో!

మేనకోడలు తెర మీద వేలు పెట్టి జరిపింది. తెరుచుకుంది. తాళమే లేదు. లోపల దాచుకోవలసింది ఏముంది గనక? వరసగా ఓటీపీలు, అన్నీ ఈ ఇంటివే. వాటి మధ్యన వీళ్ళ మెసేజీలు. అత్తా నంబర్. వదినా నంబరొచ్చిందా. అక్కా అర్జెంట్. ఆ పిల్ల చాలాసేపు పైకీ కిందకీ జరుపుతూ నిలబడింది. తిన్నావా, చేరావా అన్న మాట ఒక్కటి కనబడుతుందేమోనని చూసింది. తను పంపినవాటిలో కూడా లేదు. అప్పుడు తలెత్తి చూస్తే కొక్కేనికి బట్టలు లేవు.

"నాన్నా, అత్త బట్టలు లేవు" అంది.

తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కోపం తగ్గితే తనే వస్తుంది లెండి" అంది మరదలు వెనక నుంచి. "ఆ ఫోను మాత్రం అక్కణ్ణించి కదపకండి, నంబర్లన్నీ దానికేగా వచ్చేది. చచ్చిపోకుండా చార్జింగులో పెట్టవే."

మేనకోడలు తీగ గుచ్చింది. దులిపి సర్దిన పక్క మీద, తలగడ దగ్గర, ఫోను ఒకసారి వెలిగి ఆరిపోయింది.