చెప్పిన నొప్పి

నలభైకి దగ్గరపడుతున్నా ఇంటిల్లిపాదికీ ఆమె బుల్లే. కర్టెన్లు కుట్టే కొట్లో పని. ఆ పొద్దున నడుముకు ఒక పక్క చెయ్యి ఆనించుకుని వచ్చి, "అక్కా, బాగా నొప్పిగా ఉంది, ఆసుపత్రికి పోదాం" అంది, బయట వాన పడుతోందన్నంత మామూలుగా.

అక్క బళ్ళో టీచరు. పదిమందిలో మాట పడకుండా బతికిన మనిషి.

ఆసుపత్రి హాల్లో టీవీ అరుస్తోంది. మైకులో పేర్లు గరగరలాడుతున్నాయి. బుల్లి రెండు చెవులూ మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. ఎదుటి వరసలో అక్క దగ్గర చదివే పిల్ల తల్లి కూచునుంది. ఆమె చూసీ చూడనట్టు మొహం తిప్పుకునేసరికి అక్కకు తల కొట్టేసినట్టయింది.

"చేతులు దించవే. అందరూ చూస్తున్నారు."

బుల్లి దించింది. ఒళ్ళో ఆ వేళ్ళను ఒకదానితో ఒకటి నలిపేస్తూ కూచుంది.

డాక్టరు గదిలోకి వెళ్ళగానే బుల్లి, దారంతా వల్లెవేసుకున్న మాటలు అప్పజెప్పింది. "నాకు ఆటిజం ఉందండీ. ముట్టుకునే ముందు ఒక మాట చెప్పండి." ఆ పేరు ఈమధ్యే తెలిసింది. తెలిసిన రోజున బుల్లి సంతోషించింది. అక్క మాత్రం ఎవరికీ చెప్పొద్దంది.

డాక్టరు నవ్వాడు. "అది చిన్నపిల్లలకు కదమ్మా. మీరు శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్నారు. నొప్పెలా ఉంది? పొడుస్తోందా, మెలిపెడుతోందా?"

బుల్లి గోడవంక చూస్తూ సరైన మాట కోసం వెతుక్కుంటోంది. ఆయన ఆగలేదు, అక్కవైపు తిరిగాడు.

"దానికి చిన్నప్పట్నించీ అంతేనండీ. గోరంతకీ కొండంతకీ తేడా తెలీదు" అంది అక్క. ఆ గదిలోంచి ఎప్పుడు బయటపడదామా అన్నదే ఆమె తొందర.

డాక్టరు లేచి, చెప్పాపెట్టకుండా నడుం మీద వేళ్ళతో నొక్కాడు. బుల్లి కెవ్వుమని ఆయన్ని తోసేసింది. కళ్ళజోడు ఎగిరి నేలమీద పడింది.

"అంత నొప్పున్నవాళ్ళు ఇంత తాపీగా నడిచిరారు. నెమ్మదించాక తీసుకురండి" అంటూ గ్యాసుకు మాత్రలు రాసిచ్చాడు.

"ఏమీ అనుకోకండి, మా చెల్లెలు కాస్త అదోరకం" అని అక్క బతిమాలుకుంది. పక్కనే నిలబడి బుల్లి అంతా విన్నది.

ఆ తర్వాత బుల్లి నొప్పి ఊసెత్తలేదు. అడిగితే "బాగానే ఉంది" అనేది. అక్క నమ్మింది. నమ్మితే మళ్ళీ ఆ హాల్లో కూచోనక్కర్లేదు.

మూడోనాడు కొట్టు యజమానురాలు ఫోన్ చేసింది. "మీ చెల్లెలు బట్టల తానుల మధ్య పడిపోయిందండీ. ఒళ్ళు కాలిపోతోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం, వచ్చెయ్యండి."

మూత్రపిండం దగ్గర రాయి అడ్డుపడి చీము పట్టిందని పెద్దాసుపత్రిలో తేల్చారు. ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకుందోనని అక్కడి వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ప్రాణం దక్కింది. ఆ మూత్రపిండం మాత్రం ఇక మునుపటిలా పనిచెయ్యదన్నారు.

బుల్లికి తెలివొచ్చాక, మంచం పక్కన కూచుని అక్క అడిగింది. "ఎందుకు చెప్పలేదే?"

"చెప్పాను కదా. నువ్వూ అక్కడే ఉన్నావు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడవడం బుల్లికి రాదు, ఉన్నదున్నట్టు అంది. అందుకే అది అక్కకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"ఆ తర్వాతైనా చెప్పాల్సింది."

"ఆ రోజు నువ్వు ఆయన్ని బతిమాలుకున్నావు. నావల్ల నీకు సిగ్గేసింది. మళ్ళీ చెప్తే మళ్ళీ బతిమాలుకోవాల్సొస్తుంది కదా."

అక్క చెల్లెలి మొహంలోకి చూడలేక దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయింది.

బుల్లి నిద్రలోకి జారాక, పక్క మంచం మీది పెద్దావిడ తల ఇటు తిప్పింది. "ఇంత ముదిరేదాకా ఎవరూ చూసుకోలేదా, అమ్మా?"

రాయి సంగతి చెప్పి ఊరుకోవచ్చు.

"నొప్పి అని చెప్పిందండీ" అంది అక్క. "నేనే నమ్మలేదు."