మోకాలి పైన నాలుగు వేళ్లు

టార్క్విల్ చేతులకు బేడీలు పడబోతుండగా ఊనా గుడారంలోకి దూసుకొచ్చింది.

“ఆగు ఇష్‌బెల్,” అంది కానిస్టేబుల్‌తో. “బ్యాగ్‌పైపు వాయించే నా పైపర్ని ఎక్కడికి లాక్కెళ్తున్నావ్?”

“స్టేషన్‌కి. పెట్టెలోని వెండి పైపులు మాయం. ఎవరో ఫోన్‌లో తీసిన ఫోటోలో, పెట్టె ముందు ఉన్నది ఇతనే.”

బయట బ్యాండ్ల పోటీ మొదలైపోయింది. మరో రెండు బ్యాండ్లు అయితే ఊనా బ్యాండు వంతే. వెండి పైపులంటే వెండి కట్లు వేసిన పాత బ్యాగ్‌పైపు, తోలుసంచిలో గాలి నింపి ఊదే వాద్యం; అది లోయ మొత్తానిది. నిరుడు గెలిచిన పైపరే ఈ ఏడు దాన్ని వాయించాలి. ఆ హక్కు టార్క్విల్‌ది. ఇప్పుడతను దొంగగా బయటికి నడిస్తే ఇక ఈ లోయలో ఎవరూ అతన్ని పైపు ముట్టనివ్వరు.

పెట్టె తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. ఒకటి ఊనాది, ఒకటి టార్క్విల్‌ది, మూడోది పోటీలో దుస్తులకు మార్కులేసే తీర్పరి లుడోవిక్ గెడ్డీస్‌ది. ఆ పెద్దమనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఉన్ని కోటు, బొడ్డు మీదికి బిగించిన, కుచ్చిళ్ల లంగాలాంటి కిల్టు, సరిగ్గా మోకాలిచిప్ప మధ్యకి దిగిన అంచు.

“చెప్తూనే ఉన్నాను,” అన్నాడాయన. “సంప్రదాయం వదిలేసి కిల్టును తుంటి మీద తువ్వాలులా చుట్టుకుని, జేబులు కుట్టించుకుని, బూట్లేసుకుని తిరిగేవాడికి వెండి పైపులేమిటి?”

“నేను బ్యాండు బట్టలేసుకుని ఏటి ఒడ్డున శ్రుతి చూసుకుంటున్నా అక్కా,” అన్నాడు టార్క్విల్. “నా నల్ల కిల్టు, బూట్లు ఇక్కడే వదిలేశాను. ఎవరైనా తగిలించుకోవచ్చు.”

“నీ వేషం ఇంకెవరికి కావాలోయ్?” లుడోవిక్ నవ్వాడు.

ఊనా ఇష్‌బెల్ చేతిలోంచి ఫోటో ఉన్న ఫోన్ అందుకుంది. పెట్టె ముందు వీపు తిప్పి నిలబడ్డ మనిషి. తల మీదికి లాగిన వానకోటు టోపీ, జారిన మేజోళ్లు, నల్ల కిల్టు. ఆమె చూపు కిల్టు అంచు దగ్గర ఆగింది.

“టార్క్విల్, నీ నల్ల కిల్టు కట్టుకో. రోజూ కట్టుకున్నట్టే.”

అతను తెర వెనక్కి వెళ్లి మార్చుకొచ్చాడు. తుంటి మీద కూర్చున్న కిల్టు అంచు మోకాలి మధ్యకే వచ్చింది.

“ఇప్పుడు ఫోటో చూడు ఇష్‌బెల్. అంచు మోకాలికి నాలుగు వేళ్లు పైనుంది.”

“గాలికి లేచిందేమో.”

“లేస్తే కుచ్చిళ్లు విచ్చుకోవాలి. నిట్టనిలువుగా ఉన్నాయి చూడు. బాబూ, దాన్ని బొడ్డు దాకా లాగు.”

టార్క్విల్ లాగాడు. అంచు నాలుగు వేళ్లు పైకి లేచింది. ఇష్‌బెల్ ఫోటోనూ అతని కాళ్లనూ మార్చి మార్చి చూసింది.

“తుంటి కొలతతో కుట్టిన బట్ట ఇది,” అంది ఊనా. “వీడు కలలో కూడా బొడ్డు మీద కట్టడు. కట్టినవాడు దొంగ వేషం అంతా కుదుర్చుకున్నాడు. బూట్లు తొడిగాడు, మేజోళ్లు జార్చాడు. కిల్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి మాట వినలేదు. జన్మంతా ఎక్కడ బిగించాడో అక్కడే బిగించింది.”

“నీ దగ్గరా తాళంచెవి ఉందిగా అమ్మాయ్?” అన్నాడు లుడోవిక్.

“నేను మీ భుజం దాకా కూడా రాను. అది బొడ్డు మీద కట్టినా నా మోకాళ్లు కప్పేస్తుంది. మీరూ వీడూ మాత్రం ఒకే ఎత్తు.”

లుడోవిక్ రెండు చేతులూ నడుము దగ్గరికి పోయాయి. బెల్టు పట్టుకుని, తనకు తెలియకుండానే, కిల్టును పైకి ఎగలాక్కున్నాడు. అందరూ చూశారు.

“డబ్బు కోసం కాదులే,” అంది ఊనా. “బూట్లేసుకునేవాడు ఆ పైపులు ముట్టకూడదని.”

ఇష్‌బెల్ బేడీలు చేతిలో పట్టుకునే ఊనా వైపు తిరిగింది. “పేరు చెప్పక్కా. గట్టిగా చెప్పు, రాసుకోవాలి.”

“లుడోవిక్ గెడ్డీస్.”