వసపిట్టకి మాట ఆగిన రోజు

ఆ పిల్లని ఇంట్లో అందరూ వసపిట్ట అనే పిలిచేవారు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. కాస్త పరిగెత్తితే పెదవులు నీలంగా మారేవి, నోరు మాత్రం ఆగేది కాదు. ఏడో ఏట ఆపరేషన్ చేశారు. రంధ్రం మూసేశామని సర్జన్ చెప్పగానే బస్సు డ్రైవరైన తండ్రి గోడకి జారగిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు ఉదయం శ్వాస గొట్టం తీశారు. పిల్ల కళ్ళు తెరిచి తల్లిని చూసింది. మాట్లాడలేదు. మత్తు ఇంకా దిగలేదనుకుంది తల్లి. నర్సు పిల్ల రెండు అరచేతుల్లో తన వేళ్ళు పెట్టి, గట్టిగా పట్టుకోమంది. ఎడమ చెయ్యి పట్టుకుంది. కుడి చెయ్యి పక్క మీద వాలిపోయింది. నర్సు వెంటనే డాక్టరుకి కబురు పంపింది.

స్కాన్ చూసి సర్జన్ దాపరికం లేకుండా చెప్పాడు. రక్తపు గడ్డ ఒకటి మెదడు నాళంలో అడ్డుపడింది. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి లాగేయవచ్చు. నాళం చిట్లితే మాత్రం ప్రాణానికే ముప్పు. వదిలేస్తే మాట, చెయ్యి రెండూ పోవచ్చు. ఆలోచించుకునే వ్యవధి లేదు.

తండ్రి వద్దన్నాడు. "బతికుంది కదా, చాలు. దాని బదులు నేను మాట్లాడతా."

తల్లికి ఇందాకటి చూపు గుర్తొచ్చింది. అది మత్తు చూపు కాదు. ఏదో చెప్పబోయి, మాట దొరక్క బెదిరిపోయిన చూపు.

"మీరు మాట్లాడితే అది ఊరుకుంటుందా?" అంది. "దానికన్నీ తెలుస్తున్నాయండీ. ఒప్పుకోండి."

అతను తలూపాడు.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. జరగరానిది జరిగితే, ఒప్పుకోమన్న మాట తనదేనని ఆమెకి తెలుసు. తలుపు కదిలినప్పుడల్లా పైప్రాణం పైనే పోయేది. చివరికి అతనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

గడ్డ బయటికొచ్చింది. మాట రాలేదు. మాటలు నేర్పే ఆవిడ బొమ్మలు చూపిస్తే పిల్ల తల తిప్పేసుకునేది. ఒక సాయంత్రం తండ్రి నీళ్ళు తాగిస్తూ మెడ మీద ఒలకబోశాడు. పిల్ల మొహం చిట్లించి, మాట కూడదీసుకుని, "చూ... చూసి" అంది.

ఏడుపు పిల్లకి కనబడకూడదని అతను బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కూడా కుడిచేతి వేళ్ళు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. తల్లి బొత్తాం పెట్టబోతే పిల్ల ఆమె చేతిని తోసేస్తుంది. మాటలు ఒకటొకటిగా వస్తున్నాయి, కొన్ని తప్పుగా, కొన్ని తడబడుతూ. తల్లి కుట్టుమిషన్ ఆపి, తొందరపెట్టకుండా, చెప్పడం పూర్తయ్యేదాకా వింటుంది.